ఒక్కొక్కరికి సరిపడే డెజర్ట్‌లను ఇంట్లో చేసి ఫ్రీజర్‌లో నిల్వ ఉంచడం: ఏవి నిలుస్తాయి, ఏవి చెడతాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంట్లో ఉండేది ఇద్దరే కాబట్టి పెద్ద కేకు గానీ పుడ్డింగు గానీ చేస్తే సగం మిగిలిపోతోంది. అందువల్ల తీరిక ఉన్న రోజున చిన్న కప్పుల్లో, అచ్చుల్లో ఒక్కొక్కరికి సరిపడేలా చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుని, తినాలనిపించినప్పుడు ఒకటో రెండో బయటికి తీయాలని మీ ఆలోచన. మొదటి విడతలో కార్న్‌ఫ్లోర్‌తో చేసిన కస్టర్డ్ కప్పులు నీరు వదిలేశాయి, కప్‌కేకులు ఎండిపోయి ఫ్రీజర్ వాసన పట్టాయి, చాక్లెట్ మూస్ (గిలక్కొట్టిన క్రీమ్ కలిపి చేసే, గాలి నిండిన మెత్తని డెజర్ట్) మాత్రం చెక్కుచెదరలేదు. ఇలా ఎందుకు జరిగింది, ఏవేవి చేసి పెట్టుకోవచ్చు, ఎన్నాళ్లు ఉంచవచ్చు, ఎలా బయటికి తీయాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, కొవ్వూ చక్కెరా దండిగా ఉండి విడినీరు, అంటే దేనికీ కట్టుబడకుండా విడిగా ఉండే నీరు, తక్కువగా ఉన్న డెజర్ట్‌లే ఫ్రీజర్‌ను తట్టుకుంటాయి. బేక్ చేసిన చీజ్‌కేక్, క్రీమ్‌తో చేసిన మూస్, బ్రౌనీలు, వెన్న కేకులు, కాల్చని కుకీ ముద్దలు, టార్ట్ గిన్నెలు (టార్ట్‌కు గిన్నె ఆకారంలో చేసే పిండి అడుగులు), ఏమీ నింపని షూ పేస్ట్రీ (కాల్చితే లోపల డొల్లగా ఉబ్బే పేస్ట్రీ) గుల్లలు ఈ కోవలోకి వస్తాయి. పాలనో పండ్ల రసాన్నో కేవలం కార్న్‌ఫ్లోర్‌తోనో, గుడ్డుతోనో, సముద్రపు నాచు నుంచి వచ్చే అగర్ అగర్‌తోనో గట్టిపరచినవి పనికిరావు. వాటిని ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజుల్లో తినేయడమే మంచిది. విధానం విషయానికి వస్తే, పూర్తిగా చల్లారిన డెజర్ట్‌లను ట్రే మీద విడివిడిగా గట్టిపడనివ్వాలి, గట్టిపడిన వెంటనే గాలి చొరకుండా రెండు పొరలుగా చుట్టాలి, తినే ముందు ఆ చుట్టు విప్పకుండానే గడ్డ విడవనివ్వాలి. నేను చిన్న విందులకు ఇంటి నుంచే డెజర్ట్‌లు చేసి ఇస్తుంటాను. అన్నీ ఒకే రోజున చేయడం సాధ్యం కాదు కనుక నా పనిలో సగభాగం ఫ్రీజర్ మీదే ఆధారపడి ఉంటుంది. కింద రాసినవన్నీ ఆ పనిలో తేలినవే.

ముందుగా కారణం చూద్దాం, ఎందుకంటే అది తెలిస్తే ఏ కొత్త వంటకం ఎదురైనా మీరే తేల్చుకోగలరు. నీరు మంచుగా మారేటప్పుడు దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. చక్కెర, కొవ్వు, పిండి పదార్థం ఆ మంచు స్ఫటికాల్లో ఇమడవు. అవి స్ఫటికాల మధ్య మిగిలిన ద్రవంలోకి చేరి దాన్ని అంతకంతకూ చిక్కబరుస్తాయి. అందుకే మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా తీపి పదార్థంలో కొంత నీరు గడ్డకట్టకుండా ఉండిపోతుంది, తీపి ఎక్కువైన కొద్దీ డెజర్ట్ ఫ్రీజర్‌లో మెత్తగా ఉంటుంది. నీటిలో ఎక్కువ భాగం గడ్డకట్టేది సుమారు మైనస్ 1 నుంచి మైనస్ 5 డిగ్రీల మధ్య. ఆ మెట్టు దాటడానికి ఎంత ఎక్కువ సేపు పడితే స్ఫటికాలు అంత పెద్దవిగా పెరుగుతాయి. పెద్ద స్ఫటికాలు కస్టర్డ్‌లోని జెల్ అల్లికను చీలుస్తాయి, మూస్‌లోని గాలి బుడగల గోడలను పొడుస్తాయి. ఒకసారి చీలిన అల్లికలోంచి బయటికి వచ్చిన నీరు గడ్డ విడిచాక తిరిగి లోపలికి ఇంకదు. మీ కస్టర్డ్ కప్పుల్లో పైన తేలిన నీరు అదే.

త్వరగా గడ్డకట్టించాలన్న సూత్రం కొత్తదేమీ కాదు. 1910ల దశకంలో ఇప్పటి కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్న అమెరికన్ క్లారెన్స్ బర్డ్స్‌ఐ, అక్కడి తీవ్రమైన చలిలో పట్టిన వెంటనే గడ్డకట్టిన చేపలు తర్వాత వండినప్పుడు తాజా చేపల్లాగే ఉండటం గమనించి, 1920లలో ఆహారాన్ని వేగంగా గడ్డకట్టించే యంత్రాలను రూపొందించారు. ఇంటి ఫ్రీజర్‌కు అంతటి వేగం లేదు. అయితే చిన్న పరిమాణం ఆ లోటును కొంత పూడుస్తుంది: డెజర్ట్ మందం సగానికి తగ్గితే అది గడ్డకట్టే సమయం సగంకన్నా ఇంకా తగ్గుతుంది, అన్నీ అనుకూలిస్తే నాలుగో వంతు దాకా పడిపోతుంది. ఒకే మిశ్రమాన్ని పెద్ద గిన్నెలోనూ చిన్న కప్పుల్లోనూ పోసి చూస్తే, గడ్డ విడిచిన తర్వాత కప్పుల్లోనిది స్పష్టంగా నునుపుగా ఉంటుంది.

కానీ చిన్న పరిమాణంతో నష్టం కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. 20 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కేకుతో 6 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న చిన్న కేకును పోల్చి లెక్క కట్టండి. పరిమాణాన్ని బట్టి చూస్తే చిన్నదానికి గాలి తగిలే ఉపరితలం రెండున్నర రెట్లు ఎక్కువ. అంటే తేమ అంత త్వరగా పోతుంది, పక్కనున్న ఉల్లి వాసనో చేప వాసనో అంత త్వరగా పడుతుంది, తలుపు తెరిచిన ప్రతిసారీ అది అంత త్వరగా వేడెక్కుతుంది. పెద్ద కేకు చుట్టులో కాస్త సందు ఉన్నా అంచు మాత్రమే ఎండుతుంది, దాన్ని కోసి పారేయవచ్చు. కప్‌కేకుకు కోసి పారేసేంత అంచు ఉండదు. మీ కప్‌కేకులు పాడవడానికి వంటకంలో లోపం కారణమని నేను అనుకోవడం లేదు, చుట్టడంలోనే ఏదో తక్కువైంది.

ఇప్పుడు ఒక్కో రకం తీసుకుందాం. కస్టర్డ్‌ల విషయంలో మీరు ఎక్కువ నిరాశ పడ్డారు కాబట్టి అక్కడే మొదలుపెడతాను. కార్న్‌ఫ్లోర్ పాలలో ఉడికినప్పుడు దాని రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, వాటిలోంచి వచ్చే అమైలోజ్ అనే పొడవైన గొలుసులు నీటిని పట్టి ఉంచే అల్లికగా ఏర్పడతాయి. చలిలో ఆ గొలుసులు ఒకదానికొకటి దగ్గరగా జరిగి బిగుసుకుంటాయి, మధ్యనున్న నీటిని బయటికి నెట్టేస్తాయి. అందుకే గడ్డ విడిచిన కస్టర్డ్ ఒకవైపు గరుకుగా, మరోవైపు నీళ్లగా కనిపిస్తుంది. మైదాతో చిక్కబరచినా ఇదే జరుగుతుంది. టాపియోకా పిండిలో అమైలోజ్ కొంత తక్కువ కాబట్టి అది మెరుగ్గా నిలుస్తుంది, అయినా తాజా కస్టర్డ్‌తో సమానమని చెప్పలేను. గుడ్డుతో ఆవిరి మీదనో నీళ్ల ట్రేలోనో గట్టిపరచే కారమెల్ కస్టర్డ్ వంటివాటి పరిస్థితి ఇంకా కష్టం: ఉడికిన గుడ్డు అల్లిక గడ్డకట్టిన తర్వాత పిండిన స్పాంజిలా చిల్లులు పడి రబ్బరుగా మారుతుంది.

అగర్ అగర్‌తో చేసిన జెల్లీలను ఫ్రీజర్‌లో పెట్టమని నేను ఎవరికీ చెప్పను. సముద్రపు నాచు నుంచి అగర్‌ను తయారుచేసే పద్ధతిలోనే ఆ జెల్‌ను గడ్డకట్టించి, కరగనిచ్చి, దానిలోని నీటిని వదిలిస్తారు. నీరు పోవడానికి వాడే ప్రక్రియనే మనం డెజర్ట్ కప్పు మీద ప్రయోగిస్తే నీరు పోకుండా ఎలా ఉంటుంది? జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే, గట్టిపరచే పదార్థం) వేరు. నీళ్లలోనో రసంలోనో వేసిన జెలటిన్ జెల్లీ కూడా నీరు వదులుతుంది కానీ, అదే జెలటిన్ క్రీమ్, చక్కెర ఉన్న మిశ్రమంలో కలిస్తే చాలావరకు నిలుస్తుంది. పన్నాకోటా (క్రీమ్, పాలు, చక్కెరను జెలటిన్‌తో గట్టిపరచే ఇటాలియన్ డెజర్ట్) ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పాలు తగ్గించి క్రీమ్ పెంచినవి ఫరవాలేదు, పాలు ఎక్కువైనవి అడుగున నీరు దిగుతాయి.

కస్టర్డ్ రుచి లేకుండా మీకు గడవదనుకుంటే ఒక దారి ఉంది. గుడ్డు పచ్చసొన, చక్కెర కలిపి వేడి నీటి గిన్నె మీద గిలక్కొడుతూ 71 డిగ్రీలు దాటించి చిక్కబరచండి, చల్లారాక గిలక్కొట్టిన క్రీమ్‌ను అందులో మెల్లగా కలపండి, కప్పుల్లో పోసి గడ్డకట్టించి, గడ్డ పూర్తిగా విడవకముందే తినండి. ఇటాలియన్లు దీన్ని సెమీఫ్రెడ్డో అంటారు. ఇందులోని గాలి, కొవ్వు, చక్కెర వల్ల యంత్రంలో తిప్పకపోయినా అది రాయిలా మారదు. ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చిన ఇరవై నిమిషాల్లో చెంచా దిగుతుంది.

మీ మూస్ ఎందుకు నిలిచిందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. చాక్లెట్‌లోని కోకో వెన్న చల్లబడగానే గట్టిపడి గాలి బుడగల గోడలకు అండగా నిలుస్తుంది, క్రీమ్‌లోని కొవ్వు దానికి తోడవుతుంది. నేను ఎక్కువగా చేసే కొలత ఇది: 55 నుంచి 60 శాతం కోకో ఉన్న చాక్లెట్ 200 గ్రాములు తరిగి, 100 మిల్లీలీటర్ల వేడి క్రీమ్ పోసి నునుపుగా కలపాలి. అది 35 నుంచి 40 డిగ్రీలకు, అంటే వేలికి కాస్త గోరువెచ్చగా తగిలే స్థితికి వచ్చాక, 250 మిల్లీలీటర్ల చల్లని క్రీమ్‌ను మెత్తని శిఖరాలు నిలిచేదాకా మాత్రమే గిలక్కొట్టి, మూడు విడతల్లో కలపాలి. దాదాపు 80 మిల్లీలీటర్ల కప్పులు ఎనిమిది వస్తాయి. క్రీమ్‌లో కొవ్వు 35 శాతానికి తగ్గకూడదు. క్రీమ్‌ను మరీ బిగుతుగా గిలక్కొడితే ఫ్రీజర్ నుంచి వచ్చాక మూస్ వెన్న రేణువుల్లా నోటికి తగులుతుంది. గడ్డకట్టడం ఆ లోపాన్ని ఇంకా పెంచుతుంది.

పండ్ల గుజ్జుతో చేసే మూస్‌కు కోకో వెన్న అండ ఉండదు కాబట్టి జెలటిన్ కావాలి. మొత్తం అర కిలో మిశ్రమానికి 5 నుంచి 6 గ్రాముల జెలటిన్ పొడిని దానికి ఐదు రెట్ల చల్లని నీటిలో నానబెట్టి, కరిగించి కలిపితే సరిపోతుంది. పచ్చి అనాస, కివీ, బొప్పాయి గుజ్జులో జెలటిన్‌ను విరిచేసే ఎంజైములు ఉంటాయి. ఆ గుజ్జును ముందుగా మరిగించి చల్లార్చితే ఆ సమస్య పోతుంది. పచ్చి తెల్లసొనను నురుగుగా కొట్టి కలిపే మూస్‌లను నేను ఫ్రీజర్‌కు వాడను. వాటి నురుగు త్వరగా కుంగుతుంది, పైగా పచ్చి గుడ్డు భయం ఉండనే ఉంది. తెల్లసొన తప్పనిసరి అయితే 118 నుంచి 121 డిగ్రీలకు కాగిన పాకాన్ని సన్నని ధారగా పోస్తూ కొట్టే ఇటాలియన్ మెరాంగ్‌ను ఎంచుకోండి. అందులోని చక్కెర వల్ల అది చాలా మెరుగ్గా నిలుస్తుంది.

ఒక్కటే రకం చేసి పెట్టుకోమంటే నేను బేక్ చేసిన చిన్న చీజ్‌కేకులనే ఎంచుకుంటాను. క్రీమ్ చీజ్‌లో కొవ్వు ఎక్కువ, విడినీరు తక్కువ. గడ్డ విడిచిన తర్వాత తాజాదానికీ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. పన్నెండు గుంటల మఫిన్ ట్రేకు 150 గ్రాముల బిస్కెట్ పొడి, 60 గ్రాముల కరిగించిన వెన్న అడుగు పొరకు సరిపోతాయి. దాన్ని కాగితపు కప్పుల్లో నొక్కి, 160 డిగ్రీల ఓవెన్‌లో ఆరేడు నిమిషాలు విడిగా కాల్చాలి. ఇలా ముందే కాల్చిన అడుగు తేమను ఆలస్యంగా పీల్చుకుంటుంది. పైపొరకు గది ఉష్ణోగ్రతకు వచ్చిన క్రీమ్ చీజ్ 500 గ్రాములు, చక్కెర 120 గ్రాములు, పుల్లని క్రీమ్ 100 గ్రాములు, గుడ్లు రెండు. గుడ్లను చివర వేసి, కలిసేంతవరకే కలపాలి. ఎక్కువ కొడితే గాలి చేరి కాల్చేటప్పుడు ఉబ్బి, చల్లారేటప్పుడు పగులుతాయి. అదే 160 డిగ్రీల వద్ద పద్దెనిమిది నుంచి ఇరవై నిమిషాల్లో అంచులు గట్టిపడి మధ్యభాగం మాత్రం కాస్త కదులుతూ ఉంటుంది, అప్పుడు తీసేయాలి. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు ఫ్రీజర్‌కు మార్చండి.

కేకుల విషయంలో ఒక అపోహ తొలగించాలి. కేకు మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టడం చాలామందికి అలవాటు, కానీ కేకు త్వరగా గట్టిపడి పాతబడేది ఆ ఫ్రిజ్ చలిలోనే. పిండి పదార్థం తిరిగి బిగుసుకునే వేగం సున్నాకు కాస్త పైన ఉన్న ఉష్ణోగ్రతల్లో ఎక్కువ, మైనస్ 18 దగ్గర దాదాపు ఆగిపోతుంది. కాబట్టి క్రీమ్ గానీ తాజా పండ్లు గానీ లేని కేకును రెండు రోజుల్లో తినకపోతే, ఫ్రిజ్‌ను దాటించి నేరుగా ఫ్రీజర్‌కే పంపడం మేలు. వెన్న లేదా నూనె ఎక్కువగా ఉన్న కప్‌కేకులు, బ్రౌనీలు బాగా నిలుస్తాయి. కొవ్వు లేని స్పాంజి కేకులు కాస్త పొడిబారతాయి, వాటికి తర్వాత పాకం పూస్తే సరిపోతుంది. వెన్నతో చేసిన ఐసింగ్ గడ్డకట్టినా చెడదు. ఐసింగ్ వేసిన కప్‌కేకులను చుట్టకుండా ట్రే మీద ఒకటి రెండు గంటలు గట్టిపడనిచ్చి తర్వాత డబ్బాలో సర్దితే రూపం చెదరదు. మెరాంగ్ పూత మాత్రం నీరు కారుతుంది.

కాల్చకముందే గడ్డకట్టించగలిగినవి ఉంటే వాటికే మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. కాల్చినదాన్ని దాచి తినడం కన్నా, దాచినదాన్ని అప్పటికప్పుడు కాల్చి తినడంలో రుచి ఎప్పుడూ ఎక్కువే, అందులోనూ ఇద్దరికి రెండే కాల్చుకునే వీలు ఇంకెక్కడా దొరకదు. కుకీ పిండిని ఒక్కొక్కటి 40 గ్రాముల ముద్దలుగా చేసి గడ్డకట్టించి, నేరుగా ఓవెన్‌లో పెట్టి మామూలు సమయానికి ఒకటి రెండు నిమిషాలు కలిపితే చాలు. టార్ట్ గిన్నెలను అచ్చుల్లో పరిచి, ఫోర్క్‌తో గుచ్చి, అచ్చులతో సహా గడ్డకట్టించి, కరగనివ్వకుండా కాల్చండి; వెన్న బాగా చల్లగా ఉండటం వల్ల అంచులు కిందికి జారవు. షూ పేస్ట్రీ గుల్లలను మాత్రం కాల్చి, చల్లార్చి, ఖాళీగా దాచి, 160 డిగ్రీల ఓవెన్‌లో ఐదారు నిమిషాలు ఉంచితే మళ్లీ కరకరలాడతాయి.

మధ్యలో చాక్లెట్ ద్రవంగా ఉండే లావా కేకుల పిండిని పలుచని అల్యూమినియం కప్పుల్లో పోసి గడ్డకట్టించవచ్చు. పింగాణీ, గాజు కప్పులను ఫ్రీజర్ నుంచి తీసి వేడి ఓవెన్‌లో పెట్టకండి. ఒక్కసారిగా వేడి తగిలి పగిలే ప్రమాదం ఉంది. 200 డిగ్రీల వద్ద తాజా పిండికి పట్టే సమయానికి నాలుగైదు నిమిషాలు కలపవలసి వస్తుంది కానీ, ఓవెన్‌కూ ఓవెన్‌కూ తేడా ఉంటుంది కాబట్టి అతిథులు రాకముందే ఒకదాన్ని కాల్చి చూసుకోండి. మధ్యభాగం పూర్తిగా ఉడకదు కనుక పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు పెట్టేటట్లయితే పాశ్చరైజ్ చేసిన గుడ్లు వాడాలి. ఫ్రీజర్ చలి సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపుతుందే తప్ప వాటిని నమ్మకంగా చంపదు.

పండ్ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పచ్చి పండు ముక్క గడ్డ విడిస్తే మెత్తబడి రసం కారుస్తుంది, ఆ రసం కింది పొరను నానబెడుతుంది. పండును చక్కెరతో ఉడికించి చిక్కబరచి దాచండి, లేదా తినే ముందు తాజా పండు అమర్చండి.

ఇక పద్ధతి. కాల్చినవి గది ఉష్ణోగ్రతకు చల్లారకముందు చుట్టకూడదు. వేడిగా చుట్టినది లోపల చెమట పట్టి మంచు పొర కడుతుంది. పాలు, గుడ్లు, క్రీమ్ ఉన్నవాటిని రెండు గంటలకు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లోకి మార్చి, బాగా చల్లబడ్డాక ఫ్రీజర్‌లో పెట్టాలి. ఇలా చేస్తే డెజర్ట్ ఆ మైనస్ 1 నుంచి మైనస్ 5 మెట్టును త్వరగా దాటుతుంది, పక్కనున్నవి కరగవు. లోహపు ట్రేను ముందే ఫ్రీజర్‌లో చల్లబరచి, దాని మీద కప్పులను ఒకదానికొకటి తగలకుండా అమర్చండి. ఫ్రీజర్‌లో ప్రతి 28 లీటర్ల జాగాకు ఒక రోజులో కిలో, మహా అయితే కిలోంపావు కొత్త పదార్థం కన్నా ఎక్కువ పెట్టకూడదు. అంటే వంద లీటర్ల ఫ్రీజర్‌కు ఒక విడతలో మూడున్నర కిలోలు చాలు. త్వరగా చల్లబరిచే మీట ఉంటే కొన్ని గంటల ముందే నొక్కి ఉంచండి.

మంచు పేరుకోని రకం ఫ్రీజర్లలో లోపలి గొట్టాల మీది మంచును కరిగించడానికి కొంతసేపు వేడి పుడుతుంది, ఆపైన ఫ్యాను పొడిగాలిని తిప్పుతూ ఉంటుంది. మనకు సౌకర్యమే గానీ మూత లేని డెజర్ట్‌కు అదే శత్రువు, ఎందుకంటే మంచు నేరుగా ఆవిరై పోయి పైభాగం తెల్లబారి అట్టలా తయారవుతుంది. ఒకే విడత మూస్ కప్పుల్లో కొన్నింటిని మూతలతోనూ కొన్నింటిని మూతలు లేకుండానూ కావాలనే అలాంటి ఫ్రీజర్‌లో వారం పాటు ఉంచి చూశాను. మూత లేనివాటి పైపొర ముదురు రంగుకు తిరిగి, అంచుల నుంచి విడిపోయింది. మూత ఉన్నవి చేసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఫ్యాను ముందూ తలుపు అరల్లోనూ కాకుండా, అడుగు అరలో వెనుకవైపు వీటికి చోటు ఇవ్వండి.

చుట్టడంలో మొదటి పొర డెజర్ట్‌ను తాకాలి, రెండో పొర గాలిని ఆపాలి. క్లింగ్ ఫిల్మ్‌ను (అతుక్కునే పలుచని ప్లాస్టిక్ పొరను) సందు లేకుండా అతికించడం మొదటిది. అది ఒక్కటే వాసనలను పూర్తిగా ఆపలేదు కాబట్టి, దాని మీద ఫాయిల్ చుట్టాలి, లేదా గట్టి మూత ఉన్న డబ్బాలోనో మందపాటి జిప్ కవర్‌లోనో గాలి తీసేసి పెట్టాలి. కొవ్వు వాసనలను ఇట్టే పట్టేస్తుంది గనుక వెన్న, క్రీమ్ ఉన్నవాటికి ఈ రెండో పొర తప్పనిసరి. పుల్లని పండ్ల పూతకు ఫాయిల్ నేరుగా తగలకూడదు. మూత ఉన్న కప్పుల్లో ద్రవంగా పోసేవాటికి పైన ఒక సెంటీమీటరు ఖాళీ వదలండి. అంతకన్నా ఎక్కువ వదిలితే ఆ ఖాళీలోనే మంచు పొడి పేరుకుంటుంది. డబ్బా మీద పేరు, తేదీతో పాటు ఎలా తీయాలో కూడా రాయండి, చేసినవారు ఇంట్లో లేనప్పుడు తినేవారికి ఉపయోగపడుతుంది.

సిలికాన్ అచ్చులు ఈ పనికి చాలా అనువైనవి, కాకపోతే నింపకముందే వాటి కింద గట్టి ట్రే ఉండాలి. నింపిన అచ్చును ఎత్తితే అది వంగి అంతా ఒలికిపోతుంది. మూస్‌ను అచ్చులోంచి తీసేది రాయిలా గట్టిపడ్డాకే, కనీసం ఒక రాత్రి ఆగాక. సగం గట్టిపడినది అంచుల దగ్గర అచ్చుకే అంటుకుపోతుంది. తీసిన వెంటనే చుట్టి డబ్బాలో సర్దితే అచ్చు తర్వాతి విడతకు ఖాళీ అవుతుంది. పరిమాణం విషయంలో నా సలహా 80 నుంచి 120 మిల్లీలీటర్ల లోపు. అంతకన్నా పెద్దది ఒక్కరు తినలేక మళ్లీ మిగులుతుంది, మరీ చిన్నది త్వరగా ఎండుతుంది.

బయటికి తీసేటప్పుడు గాలిలోని తేమ చల్లని వస్తువు మీద నీటి బిందువులుగా చేరుతుంది. చుట్టు ఉంటే ఆ బిందువులు చుట్టు మీద పడతాయి, లేకపోతే డెజర్ట్ మీద పడి ఐసింగ్ జిగురుగా, కేకు పైభాగం తడిగా మారతాయి. 80 మిల్లీలీటర్ల మూస్ కప్పుకు ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు, చిన్న చీజ్‌కేకుకు మూడు నాలుగు గంటలు పడుతుంది. కప్‌కేకులు, బ్రౌనీలు చుట్టుతోనే గది ఉష్ణోగ్రతలో గంటలోపు సిద్ధమవుతాయి. క్రీమ్, చీజ్ ఉన్నవాటిని గది ఉష్ణోగ్రతలో గడ్డ విడవనివ్వకండి. మూస్‌ను మైక్రోవేవ్‌లో పెడితే అంచులు కరిగిపోయినా మధ్యభాగం గడ్డగానే ఉంటుంది. అచ్చులోంచి తీసిన మూస్‌ను మాత్రం గడ్డగా ఉన్నప్పుడే చుట్టు విప్పి, వడ్డించే పళ్లెంలో పెట్టి, పైన తగలని మూతతో ఫ్రిజ్‌లో ఉంచాలి. మెత్తబడ్డాక చుట్టు విప్పితే దాని నునుపంతా చుట్టుకే అంటుకుంటుంది. కోకో పొడి, పంచదార పొడి, వేయించిన గింజలు, కారమెల్ ముక్కలు, తాజా పండ్లు వడ్డించే ముందు వేయవలసినవే. చాక్లెట్ అలంకారాలకు తేమ తగిలితే చక్కెర కరిగి, ఆరాక తెల్లని మచ్చలు కడుతుంది.

ఎన్నాళ్లు అంటే, నేను పాటించే హద్దులు ఇవి. మూస్, సెమీఫ్రెడ్డో ఒక నెల. చీజ్‌కేక్ నెల నుంచి రెండు నెలలు. ఐసింగ్ లేని కేకులు, బ్రౌనీలు రెండు మూడు నెలలు. కుకీ ముద్దలు, కాల్చని టార్ట్ గిన్నెలు రెండు నెలలకు అటూఇటూ. మైనస్ 18 డిగ్రీలు నిలకడగా ఉంటే ఈ గడువు దాటినా ప్రమాదం ఉండదు, రుచీ మృదుత్వమే తగ్గుతాయి. ఫ్రిజ్‌లోనే గడ్డ విడిచినదాన్ని మళ్లీ గడ్డకట్టించడం కూడా ఆరోగ్యానికి హానికరం కాదు, కానీ రెండోసారి స్ఫటికాలు ఇంకా పెద్దవి అవుతాయి గనుక మూస్, చీజ్‌కేక్ విషయంలో నేను ఆ పని చేయను.

కరెంటు పోవడం గురించి మీరు అడగలేదు గానీ క్రీమ్ ఉన్నవి దాచేవారికి అది తెలిసి ఉండాలి. తలుపు తెరవకపోతే నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలిని నిలుపుకుంటుంది. చిన్న కప్పులు విడివిడిగా ఉంటే అంతకంటే ముందే మెత్తబడతాయి, కాబట్టి వాటిని ఒకే డబ్బాలో దగ్గరగా సర్ది, చుట్టూ గడ్డకట్టిన ఇతర వస్తువులు ఉంచండి. కరెంటు వచ్చాక లోపల ఇంకా మంచు స్ఫటికాలు కనిపిస్తే, లేదా ఉష్ణోగ్రత 4 డిగ్రీలు దాటకపోతే, కేకులనూ కుకీ ముద్దలనూ తిరిగి గడ్డకట్టించవచ్చు. మూస్, చీజ్‌కేకులను ఫ్రిజ్‌లోకి మార్చి ఒకటి రెండు రోజుల్లో తినేయండి. 4 డిగ్రీలు దాటి రెండు గంటలకు పైగా ఉన్న క్రీమ్, గుడ్డు డెజర్ట్‌లను మాత్రం రుచి చూసి తేల్చుకోవాలని ప్రయత్నించకుండా పారేయండి.